రెండు టేపులు 3 మిల్లీమీటర్ల తేడా చూపిస్తే: సైటు పనికి టేపు ఎంచుకోవడం ఎలా?

మీరు అడిగింది రెండు ముక్కల్లో ఇదీ: ఇళ్లు కట్టే పనికి టేపు కొనాలి, 5 మీటర్లదా 8 మీటర్లదా, వెడల్పు బ్లేడు (గీతలు, అంకెలు ఉండే రేకు) నిజంగా అవసరమా? రెండోది, 4.6 మీటర్ల గోడను మీ టేపుతో, వడ్రంగి టేపుతో కొలిస్తే 3 మి.మీ. తేడా వచ్చింది, దేన్ని నమ్మాలి?

ముందు సూటిగా జవాబు చెప్పేస్తాను. చేతిలో ఉండే టేపు 8 మీటర్లది, 25 మి.మీ. వెడల్పు బ్లేడు, క్లాస్ 2 ముద్ర (ఖచ్చితత్వం ఎంతో చెప్పేది), నైలాన్ పూత ఉన్నది తీసుకోండి. పునాది మార్కింగుకు విడిగా 30 మీటర్ల ఉక్కు టేపు ఒకటి ఉంచుకోండి. సైటు పనిలో తొంభై శాతం ఈ రెండింటితో గడిచిపోతుంది. 3 మి.మీ. తేడా సంగతికొస్తే, రెండు టేపుల్లో ఒకటి తప్పయ్యుండొచ్చు, లేదా కొలిచిన తీరు తప్పయ్యుండొచ్చు. ఏది తప్పో పది నిమిషాల్లో తేల్చుకోవచ్చు, కింద చెప్తాను.

దుకాణంలో అందరూ డబ్బా చూస్తారు. రబ్బరు పట్టు బాగుందా, బరువుగా ఉందా, రంగు ఏంటి అని. డబ్బా కొలవదు, బ్లేడు కొలుస్తుంది. బ్లేడు బయటికి లాగి మొదటి అర మీటరులో ఉన్న చిన్న అక్షరాలు చదవండి. టేపు పొడవు, 20 డిగ్రీల ఉష్ణోగ్రత (ఆ వేడి దగ్గర కొలత సరిగ్గా ఉంటుందని అర్థం), గుండ్రటి లేదా కోడిగుడ్డు ఆకారపు గీతలో రోమన్ అంకె ఒకటి, రెండు లేదా మూడు కనిపించాలి. ఆ రోమన్ అంకే క్లాస్. యూరప్ కొలత పరికరాల నిబంధన ప్రకారం పరీక్షించిన టేపు మీద సీఈ గుర్తు, దాని పక్కన పెట్టెలో ఎం అక్షరంతో రెండంకెల సంవత్సరం, ఆ తర్వాత పరీక్షించిన సంస్థ నాలుగంకెల సంఖ్య కూడా ఉంటాయి. ఒట్టి సీఈ అక్షరాలుండి క్లాస్ అంకె లేకపోతే ఖచ్చితత్వం గురించి అది ఏమీ చెప్పినట్టు కాదు.

క్లాస్ అంటే ఎంత తప్పును అనుమతిస్తారో లెక్క. పొడవును పై మీటరుకి సవరించి లెక్క కడతారు. క్లాస్ 1కి 0.1 మి.మీ.తో పాటు మీటరుకి 0.1 చొప్పున, క్లాస్ 2కి 0.3తో పాటు మీటరుకి 0.2 చొప్పున, క్లాస్ 3కి 0.6తో పాటు మీటరుకి 0.4 చొప్పున. 5 మీటర్ల దగ్గర క్లాస్ 1 టేపు 0.6 మి.మీ. అటూ ఇటూ ఉండొచ్చు, క్లాస్ 2 అయితే 1.3, క్లాస్ 3 అయితే 2.6. 8 మీటర్లకు ఇవే 0.9, 1.9, 3.8 అవుతాయి.

ఇప్పుడు మీ గోడ లెక్క చూడండి. 4.6 మీటర్లంటే 5 కింద లెక్క. రెండూ నిఖార్సయిన క్లాస్ 2 టేపులే అయినా, ఒకటి గరిష్ఠంగా ఎక్కువ, మరొకటి గరిష్ఠంగా తక్కువ చూపిస్తే 2.6 మి.మీ. తేడా నిబంధన లోపలే రావచ్చు. కాబట్టి ఒక మిల్లీమీటరు, ఒకటిన్నర తేడాకి ఎవరినీ నిందించక్కర్లేదు. 3 వచ్చిందంటే మాత్రం అనుమానించాల్సిందే. ఒకటి క్లాస్ 3దో, ముద్ర లేనిదో అయ్యుండొచ్చు, టేపు చివరి కొక్కెం చెడి ఉండొచ్చు, లేదా కొలిచిన తీరులో తప్పు ఉండొచ్చు.

ఏది చెడిందో తేల్చడం ఇలా. ఒక చదునైన నేల మీద రెండు టేపులూ పక్కపక్కనే పరచండి. కొక్కేలను వదిలేసి, రెండింటి 100 మి.మీ. గీతలనూ ఒకదానికొకటి ఆనించి కలపండి. ఇప్పుడు 1 మీటరు దగ్గర, 3 దగ్గర, 5 దగ్గర గీతలు ఎలా ఉన్నాయో చూడండి. దూరం పెరిగేకొద్దీ తేడా పెరుగుతుంటే బ్లేడు మీద అచ్చులోనే తప్పుంది, దానికి మందు లేదు. అన్ని చోట్లా గీతలు కలిసిపోతే బ్లేడ్లు రెండూ మంచివే, మీ 3 మి.మీ. కొక్కెం దగ్గరో, కొలిచిన తీరులోనో పుట్టింది. ఏ బ్లేడు తప్పో తెలియాలంటే ఒక మీటరు ఇనుప స్కేలు అరువు తెచ్చుకుని దానితో ముక్కముక్కలుగా సరిచూడండి.

కొక్కెం గురించి కాస్త ఎక్కువే చెప్పాలి, ఎందుకంటే సైట్లో వచ్చే తప్పుల్లో ఎక్కువ భాగం అక్కడివే. కొత్త టేపు కొక్కెం కొద్దిగా ఊగుతుంటే చాలామంది వదులుగా ఉందని తిరిగిచ్చేస్తారు, లేదా కొక్కేన్ని బ్లేడుకు పట్టి ఉంచే రివెట్లను సుత్తితో బిగించేస్తారు. ఆ ఊగడం తప్పు కాదు, అది ఉండాల్సిందే. కొక్కెం రేకు మందం ఎంతో అంతే దూరం అది జరుగుతుంది, మామూలుగా 1 మి.మీ. దరిదాపులో. చెక్క అంచుకు తగిలించి లాగితే కొక్కెం ముందుకు జరిగి దాని లోపలి ముఖం సున్నా అవుతుంది. గోడకు ఆనించి నొక్కితే వెనక్కి జరిగి బయటి ముఖం సున్నా అవుతుంది. రెండు రకాల కొలతా సరిపోవడానికే ఆ ఏర్పాటు. రివెట్లు బిగించేస్తే ఏదో ఒక పక్క ఎప్పుడూ రేకు మందమంత తప్పు వస్తుంది.

దీన్ని పరీక్షించడానికి చక్కగా కోసిన చెక్క ముక్క ఒకటి చాలు. దాని కోసిన అంచు నుంచి ఇనుప స్కేలుతో 300 మి.మీ. దగ్గర సన్నని పెన్సిల్ గీత గీయండి. టేపు కొక్కెం ఆ అంచుకు తగిలించి లాగి చదవండి. తర్వాత అదే అంచును గోడకు ఆనించి, టేపును కూడా గోడకు నొక్కి చదవండి. రెండుసార్లూ 300 రావాలి. రెండూ ఒకేలా తప్పితే, ఉదాహరణకు రెండుసార్లూ 301 వస్తే, కొక్కెం వంగింది. సన్నని పటకారుతో మెల్లగా సరిచేసి మళ్లీ చూడొచ్చు. ఒకటి సరిగ్గా వచ్చి ఇంకొకటి తప్పితే కొక్కెం జరిగే దూరమే మారింది. అంటే రివెట్ కన్నాలు అరిగి పొడవయ్యాయి, లేదా కొక్కెం వెనక సిమెంటు, పుట్టీ, పెయింటు గడ్డకట్టాయి. మురికి అయితే గీకేయండి. కన్నాలు అరిగితే ఆ టేపుతో కొక్కెం వాడటం మానేయడమే.

కొక్కెం ఎలా చెడుతుందో తెలిస్తే సగం కాపాడుకున్నట్టే. టేపు కింద పడినప్పుడు తరచూ కొక్కెమే ముందు నేలకు తగులుతుంది. అంతకంటే పెద్ద శత్రువు ఇంకొకటి ఉంది: బ్లేడును వదిలేసి టపీమని లోపలికి కొట్టనివ్వడం. ప్రతి దెబ్బకీ రివెట్ కన్నం కొంచెం సాగుతుంది. చివరి అర మీటరు వేలితో ఆపి మెల్లగా లోపలికి పంపాలి.

అనుమానం ఉన్నప్పుడు, లేదా ఖచ్చితత్వం ముఖ్యమైనప్పుడు, సున్నా దగ్గర కాకుండా 100 మి.మీ. గీత దగ్గర మొదలుపెట్టి, వచ్చిన అంకె నుంచి 100 తీసేయండి. కొక్కెం బాగోగులతో ఈ పద్ధతికి సంబంధం లేదు. ప్రమాదం ఒక్కటే, ఆ 100 తీసేయడం మర్చిపోవడం. అటు పట్టుకున్న మనిషి ‘వంద మీద పట్టాను’ అని పైకి చెప్పాలి, ఇటు మనిషి తీసేసిన అంకెనే రాయాలి. 10 మి.మీ. గీత దగ్గర మొదలుపెట్టొద్దు. 10 మి.మీ. తప్పు కంటికి దొరకదు, 100 తప్పు వెంటనే దొరుకుతుంది. అంగుళాల టేపుతో 1 అంగుళం వదిలి కొలిచి, కోసేటప్పుడు ఆ అంగుళం మర్చిపోయి పాడుచేసిన ప్లైవుడ్ షీట్లకు లెక్కే లేదు.

ఇక పొడవు. 5 మీటర్ల టేపు చిన్నది, తేలిక, జేబులో పడుతుంది. ఎలక్ట్రికల్, ప్లంబింగ్, టైల్స్, చెక్క పని చేసేవాళ్లకు అదే బాగుంటుంది. కానీ మీరు గదులు, స్లాబులు, గోడల మధ్య దూరాలు చూసే మనిషి. 5.4 మీటర్ల గది వచ్చిందంటే 5 మీటర్ల టేపుతో మధ్యలో గీత పెట్టి రెండు ముక్కలుగా కొలవాలి. ముక్క చేసిన ప్రతిసారీ ఒక మిల్లీమీటరు పోయే అవకాశం ఉంది. 10 మీటర్ల చేతి టేపు బాగానే అనిపిస్తుంది గానీ డబ్బా లావుగా ఉంటుంది, స్ప్రింగు మీద బరువు ఎక్కువ, ఊరికే అలసిపోతుంది. 10 మీటర్లకు చేరే కొలతలకు ఎలాగూ ఇద్దరు మనుషులు కావాలి, అప్పుడు పొడవు టేపే మేలు.

వెడల్పు విషయం మీరు అడిగారు కాబట్టి: బ్లేడు అడ్డంగా వంపు తిరిగి ఉంటుంది, ఆ వంపే దాన్ని గాల్లో నిలబెడుతుంది. వెడల్పు పెరిగితే వంపు లోతు పెరుగుతుంది, నిలబడే దూరమూ పెరుగుతుంది. 19 మి.మీ. బ్లేడు ఒకటిన్నర మీటరు దాటితే విరిగినట్టు వాలిపోతుంది. 25 మి.మీ.ది రెండు, రెండున్నర మీటర్లు నిలుస్తుంది. 32 మి.మీ.వి మూడు మీటర్లు దాటి కూడా నిలుస్తాయి. ఒక్కరే పని చేస్తూ పై బీముకో, అవతలి గోడకో టేపు చాచాల్సి వస్తే ఇది చాలా పెద్ద సౌకర్యం. అయితే 32 మి.మీ. బ్లేడు అంచు నేలకు, చెక్కకు ఎత్తుగా నిలుస్తుంది. గీతకూ వస్తువుకూ మధ్య సందు ఉండటం వల్ల పక్క నుంచి చూస్తే ఒక మిల్లీమీటరు తేడాగా కనిపిస్తుంది. బ్లేడును వేలితో ఒత్తి, అంచు వస్తువుకు తగిలించి, కన్ను సరిగ్గా గీత పైన పెట్టి చదవాలి. అందుకే 25 దగ్గర ఆగమంటున్నాను.

పూత చూడకుండా కొనొద్దు. ఒట్టి రంగు అచ్చు మీద పల్చటి వార్నిష్ ఉన్న బ్లేడు సైటు ఇసుకకు కొన్ని వారాల్లోనే మొదటి 20 సెంటీమీటర్ల అంకెలు పోగొట్టుకుంటుంది. సిమెంటు, ఇసుక రేణువులు డబ్బా నోటి దగ్గర ఇరుక్కుని, బ్లేడు వెళ్లొచ్చిన ప్రతిసారీ గరుకు కాగితంలా రుద్దుతాయి. నైలాన్ పూత దీన్ని బాగా తట్టుకుంటుంది. పాలియెస్టర్ ఫిల్మ్ అతికించినవి కూడా మంచివే, కాకపోతే అంచు దగ్గర ఒకసారి లేచిందంటే ఒలుచుకుంటూ పోతుంది. కొన్నింటికి కొక్కెం వైపు మొదటి 10, 15 సెంటీమీటర్లకు అదనపు పొర వేస్తారు, అరుగుదల అంతా అక్కడే కాబట్టి అది పనికొచ్చేదే. మెరిసే బ్లేడు ఎండలో కళ్లకు కొడుతుంది, మెరుపు లేనిది తీసుకోండి.

అంకెలు రెండు వైపులా ఉంటే నిలువు కొలతల్లో, పైకప్పు కింద మెడ తిప్పుకోనక్కర్లేదు. మీటర్లు, అంగుళాలు రెండూ ఉన్న టేపు కావాలా అంటే, డ్రాయింగులు మిల్లీమీటర్లలో ఉంటే రెండు అంచులా మిల్లీమీటర్లే ఉన్న టేపు మేలు. రెండు రకాల అంకెలున్న టేపులో అంగుళాలు ఒక అంచున, మి.మీ. మరో అంచున ఉంటాయి. మీకు కావాల్సిన అంచు ఎప్పుడూ వస్తువుకు అవతలి పక్కనే ఉంటుంది! మేస్త్రీ అడుగులు, నూళ్లలో మాట్లాడితే మాత్రం రెండూ ఉండటమే మంచిది. ఒక నూలు అంటే అంగుళంలో ఎనిమిదో వంతు, 3.175 మి.మీ. మూడు నూళ్లు 9.5 మి.మీ., 10 కాదు. 10 అడుగులు 3048 మి.మీ., 3000 కాదు. నోటితో మార్చుకునే దగ్గరే పెద్ద తప్పులు జరుగుతాయి. ఒక పనిని ఒకే పద్ధతిలో మొదలుపెట్టి అదే పద్ధతిలో ముగించండి.

అంగుళాల టేపుల మీద 19.2 అంగుళాలకొకటి నల్ల వజ్రం గుర్తు ఉంటే కంగారు పడకండి. 8 అడుగుల షీటును ఐదు సమ భాగాలు చేయడానికి పెట్టిన గుర్తు అది. 16 అంగుళాలకొకటి ఉండే ఎర్ర గుర్తులు చెక్క ఫ్రేముల కోసం. ఇటుక, కాంక్రీటు పనిలో రెండింటితోనూ అవసరం పడదు.

అయస్కాంతం ఉన్న కొక్కెం ఇనుప పైపులకు, సెక్షన్లకు హాయిగా అంటుకుంటుంది. కమ్మీలు కోసే చోట మాత్రం ఇనుప రజను అంతా దానికే పడుతుంది, ఆ రజను మందమంత కొలత తప్పుతుంది. ఫ్యాబ్రికేషన్ పని కాకపోతే వద్దనే చెప్తాను. దానంతటదే లాకయ్యే టేపులు కూడా అంతే: నిచ్చెన మీద ఒక చేత్తో పని చేసేవాళ్లకు మంచివి, దుమ్ములో లాకు మొరాయిస్తుంది. బొటనవేలితో నొక్కే మామూలు లాకు సులువుగా చెడదు. దుకాణంలోనే 3 మీటర్లు లాగి లాకు వేసి, బ్లేడును మెల్లగా కిందికి లాగి చూడండి, జారకూడదు.

ఒకే కంపెనీ పేరు మీద క్లాస్ 2 టేపూ ఉంటుంది, ముద్ర లేనిదీ ఉంటుంది. కంపెనీ పేరు కాదు, బ్లేడు మీది అక్షరాలే చూడండి. క్లాస్ 1 అవసరమా? షట్టరింగుకు, గోడకు, ప్లాస్టరింగుకు అక్కర్లేదు. అద్దాలు, అల్యూమినియం కిటికీలు, కిచెన్ క్యాబినెట్ల కొలతలు వర్క్‌షాపుకు పంపేవాళ్లకు పనికొస్తుంది. వాళ్లకు కూడా అంతకంటే ముఖ్యమైన నియమం ఒకటుంది: ఏ టేపుతో కొలిచారో ఆ టేపుతోనే కోయాలి. అలా కుదరకపోతే కొలిచే టేపును, కోసే టేపును ముందే పైన చెప్పినట్టు పక్కపక్కన పరిచి చూసుకోవాలి.

30 మీటర్ల టేపు దగ్గర కథ మారిపోతుంది. ఇక్కడ టేపు నాణ్యత కంటే లాగే బలం, వేడి, వేలాడటం పెద్ద తప్పులు చేస్తాయి. క్లాస్ 2కి 30 మీటర్ల దగ్గర అనుమతి 6.3 మి.మీ. ఉక్కు ప్రతి డిగ్రీకీ మీటరుకు సుమారు 0.0115 మి.మీ. సాగుతుంది. బ్లేడు 40 డిగ్రీల వేడిలో ఉంటే, 20 డిగ్రీల లెక్క మీద 30 మీటర్లకు దాదాపు 7 మి.మీ. సాగినట్టు. అంటే ఒక్క ఎండే మొత్తం అనుమతిని మింగేస్తుంది. పైగా నేల మీద ఎండలో పడి ఉన్న బ్లేడు గాలి కంటే ఎక్కువ వేడెక్కుతుంది. చేతి టేపుకు ఇది పట్టించుకోనక్కర్లేదు, 5 మీటర్లకు ఒక మిల్లీమీటరు చిల్లర. ఉక్కూ కాంక్రీటూ ఇంచుమించు ఒకేలా సాగుతాయి కూడా. అల్యూమినియం మాత్రం ఉక్కు కంటే రెట్టింపు సాగుతుంది, ఎండలో కాలిన సెక్షనును కొలిచి కోయకండి.

వేలాడటం ఇంకా పెద్ద దొంగ. పొడవు టేపు మీద 50 న్యూటన్లు అని రాసి ఉంటే 5 కిలోల బరువంత బలంతో లాగాలని అర్థం. 13 మి.మీ. వెడల్పు, 0.2 మి.మీ. మందం ఉన్న ఉక్కు టేపును ఆ బలంతో లాగి, 30 మీటర్లూ ఆధారం లేకుండా గాల్లో పట్టుకుంటే, అది వంగిన కారణంగా కొలత సుమారు 18 మి.మీ. ఎక్కువ చూపిస్తుంది. సరిగ్గా మధ్యలో ఒక్క ఆధారం పెడితే ఆ 18 కాస్తా నాలుగున్నరకు దిగుతుంది. నేల మీద పరిచి కొలిస్తే అసలు ఉండదు. బలంగా లాగితే పోతుంది కదా అంటారు. 10 కిలోల బలంతో లాగితే వంపు తగ్గుతుంది నిజమే, కానీ బ్లేడే 3 మి.మీ. అదనంగా సాగుతుంది. సామాన్లు తూచే చిన్న స్ప్రింగు త్రాసును టేపు చివర తగిలించి లాగితే ఈ తలనొప్పి తగ్గుతుంది.

గ్లాస్ ఫైబర్ టేపులు తడికి తుప్పు పట్టవు, తొక్కినా మడత పడవు. తవ్వకాలకు, స్థలం కొలతకు పరవాలేదు. లాగితే ఉక్కు కంటే ఎక్కువ సాగుతాయి కాబట్టి కాలమ్ సెంటర్ల మార్కింగుకు వాడకండి. కరెంటు ఉన్న తీగల దగ్గర ఉక్కు టేపు చాచకూడదని వేరే చెప్పక్కర్లేదు గానీ, ఫైబర్ టేపు అయినా తడిగా, మట్టిగా ఉంటే అక్కడ నమ్మకూడదు.

మూలలు చూసేటప్పుడు మాత్రం ఒక వెసులుబాటు ఉంది. 3, 4, 5 మీటర్ల త్రిభుజం పెట్టినా, ఎదురెదురు మూలల దూరాలు సమానమా అని చూసినా, టేపు మొత్తంగా కొంచెం సాగి ఉంటే నష్టం లేదు, తప్పు అన్ని భుజాల్లోనూ అదే నిష్పత్తిలో ఉంటుంది. షరతు ఒక్కటే: అన్ని కొలతలూ ఒకే టేపుతో, ఒకే బలంతో తీయాలి. ఒక కర్ణం ఉక్కు టేపుతో, రెండోది ఫైబరు టేపుతో చూసి ‘మూల తప్పింది’ అని పునాది గీతలు జరిపిన చోట నిజంగానే మూల తప్పుతుంది.

కాలమ్‌లు, టైల్స్ వంటి వరస కొలతల్లో ప్రతిదీ ముందుదాని నుంచి కొలవొద్దు. 600 మి.మీ. టైలు, 2 మి.మీ. సందు అనుకోండి. ఒక్కోటి 602 అని ఇరవై సార్లు గీస్తూ పోతే, ఒక్కోసారికి అర మిల్లీమీటరు జరిగినా చివరికి 10 మి.మీ. తేలుతుంది. టేపు ఒకేసారి పరిచి, ఒకే సున్నా నుంచి 602, 1204, 1806, 2408 అని గీయండి. అప్పుడు ఏ గీత తప్పు ఆ గీతకే పరిమితం.

గోడకీ గోడకీ మధ్య కొలిచేటప్పుడు బ్లేడును మూలలో వంచి అందాజుగా చదవడం మానేయండి, అక్కడే 2, 3 మి.మీ. పోతాయి. మీ 4.6 మీటర్ల గోడ తేడాకి ఇది కూడా ఒక కారణం కావచ్చు. ఒక గోడ నుంచి సరిగ్గా 3000 దగ్గర నేల మీద గీత పెట్టి, అవతలి గోడ నుంచి ఆ గీత వరకు కొలిచి కలపండి. డబ్బా పొడవు దాని మీదే రాసి ఉంటుంది, ఉదాహరణకు 70 మి.మీ., దాన్ని కలుపుకునే పద్ధతి కూడా ఉంది గానీ డబ్బా రబ్బరు అరిగితే ఆ అంకె మారుతుంది. టేపు ఏటవాలుగా పోకుండా చూడండి: 3 మీటర్లలో ఒక చివర 100 మి.మీ. పైకో పక్కకో జరిగితే ఒకటిన్నర మిల్లీమీటరు పైనే ఎక్కువ చూపిస్తుంది.

లేజర్ మీటరు కొంటే టేపు అక్కర్లేదా అని కొందరు అడుగుతారు. గదుల లోపలి కొలతలకు అది ఎంతో సుఖం, మామూలు వాటికి తప్పు 2 మి.మీ. లోపు ఉంటుంది. కానీ ఎండలో చుక్క కనిపించదు, అంచు లేని చోట తగలదు, దాంతో గీత గీయలేరు. టేపుకు తోడుగా ఉంచుకోండి.

తడిసిన బ్లేడును అలాగే లోపలికి పంపకండి. పొడి గుడ్డ మధ్యలోంచి తుడుస్తూ పంపాలి. నూనె రాయకండి, దుమ్ము పట్టి ముద్దవుతుంది. బ్లేడు ఒకచోట మడత పడిందంటే ఆ మడత దగ్గర పగులు వస్తుంది, పగిలిన అంచు వేళ్లు కోస్తుంది. మొదటి 10 సెంటీమీటర్ల గీతలు చెరిగినా, రివెట్ కన్నం అరిగినా, బ్లేడు మడత పడినా ఆ టేపు మార్చేయండి. చివర తెగిన టేపు 50 మి.మీ. దగ్గర మొదలవుతుంది, ‘యాభై తీసేసుకుంటే చాల్లే’ అని ఎవరో ఒకరు దాచుకుంటారు, పనిలోకి కొత్తగా వచ్చిన కుర్రాడు ఆ సంగతి తెలియక దాంతోనే కొలుస్తాడు. అలాంటివి సామాన్ల పెట్టెలో ఉండనివ్వకుండా, బ్లేడును రెండు మూడు చోట్ల కత్తిరించి పారేయండి.